హసీద్ అంటే ఎవరు?

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోయినప్పుడు భూస్థాపన దగ్గర తరచూ వినిపించే వాక్యం ఒకటుంది: "యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువగలది." 116వ కీర్తన, 15వ వచనం. ఇక్కడ "భక్తులు" అని ఉన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న మాట హసీదీమ్. దాని ఏకవచనం హసీద్. మొదటి అక్షరాన్ని మన "హ"కూ "ఖ"కూ మధ్యలో, గొంతు లోపలినుంచి పలకాలి.

పాత నిబంధన మొత్తంలో ఈ మాట ముప్పైకి పైగా చోట్ల వస్తుంది. ఎక్కువ భాగం కీర్తనల్లోనే. మోషే పేరున ఉన్న ఐదు పుస్తకాల్లో వెతికితే దొరికేది ఒకే ఒక్కచోట, ద్వితీయోపదేశకాండం 33:8లో. అదైనా ఆజ్ఞల మధ్య కాదు, మోషే చనిపోయే ముందు గోత్రాలను దీవించిన పద్యంలో. ధర్మశాస్త్రం నిండా ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు అన్న లెక్క ఉంటుంది. ఆ లెక్కల్లో హసీద్‌కు చోటు దొరకలేదు. ఇది కాకతాళీయం కావచ్చు. కానీ ఆ తర్వాత రెండువేల ఏళ్లకు పైగా ఈ మాట నడిచిన దారి చూస్తే, చట్టం అడిగినంత చేసి ఊరుకోనివాడికే యూదులు దీన్ని వాడుతూ వచ్చారని తెలుస్తుంది.

భక్తుడు అనగానే మనకు భద్రాచలం రామదాసో, తాళ్లపాక అన్నమయ్యో గుర్తొస్తారు. దేవుడి మీద ప్రేమ మనసులో పట్టక పాటగా పొంగినవాళ్లు. హసీద్‌లో ఆ ఛాయ లేకపోలేదు, కీర్తనల్లో హసీదీములు పాడతారు, పడకల మీద కూడా ఉత్సాహగానం చేస్తారు. అయినా ఈ మాటకు అసలు బరువు వేరేచోట ఉంది. అది తెలియాలంటే దీని తల్లిమాట దగ్గరికి వెళ్లాలి.

హెసెద్ నుంచి హసీద్

ఆ తల్లిమాట హెసెద్. తెలుగు బైబిల్లో ఇది సందర్భాన్ని బట్టి కృప, దయ, కనికరం, ఉపకారం అని రకరకాలుగా మారుతుంది. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 వచనాల్లోనూ వచ్చే పల్లవిలోని కృప హెసెదే. "నేను బలిని కోరను గాని కనికరమునే కోరుచున్నాను" అన్న హోషేయ వాక్యంలోని కనికరమూ అదే.

ఇది ఒట్టి జాలి కాదని చెప్పడానికి రూతు కథ ఒక్కటి చాలు. నయోమి భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. ఇద్దరు కోడళ్లు, ఇద్దరూ మోయాబువాళ్లు, వయసులో ఉన్నవాళ్లు. మీ పుట్టిళ్లకు వెళ్లిపొండి, చనిపోయినవాళ్ల పట్లా నా పట్లా మీరు చూపిన హెసెద్‌ను దేవుడు మీకు చూపుగాక అంటుంది అత్త. ఓర్పా ఏడ్చి, ముద్దుపెట్టుకుని వెళ్లిపోతుంది. కథ చెప్పేవాడు ఆమెను పల్లెత్తు మాట అనడు. అనడానికి ఏముంది, ఆమె చెయ్యాల్సింది చేసింది. రూతు మాత్రం వెళ్లదు. ఆమె ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు, ఏ పెద్దా అడగలేదు, చివరికి అత్త కూడా వద్దంది. హెసెద్ ఎక్కడ మొదలవుతుందో ఈ ఇద్దరి మధ్య తేడాలో కనిపిస్తుంది. ఓర్పా చెడ్డది కాకపోవడమే ఆ కథలో కీలకం.

ఇంకో ఉదాహరణ ఆదికాండం 47లో ఉంది. ఐగుప్తులో మరణానికి దగ్గరైన యాకోబు కొడుకు యోసేపును పిలిచి, నన్ను ఇక్కడ పాతిపెట్టవద్దు, నా పితరుల దగ్గర పడుకోబెట్టు, నా పట్ల "హెసెద్, సత్యం" చూపించు అని ప్రమాణం చేయించుకుంటాడు. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ దీన్ని సూటిగా వివరించాడు: చనిపోయినవాడికి చేసేదే నిజమైన హెసెద్, ఎందుకంటే తిరిగి ఏదో దక్కుతుందన్న ఆశ అందులో ఉండదు. శవానికి స్నానం చేయించి, గుడ్డ చుట్టి, పాతిపెట్టే పనిని యూదు సమాజాల్లో ఇప్పటికీ హెసెద్ షెల్ ఎమెత్, అంటే సత్యమైన హెసెద్ అంటారు.

పండితులకు ఈ మాట మీద పాత తగాదా ఒకటి ఉంది. తర్వాతి కాలంలో పురావస్తు తవ్వకాలతో పేరు తెచ్చుకున్న నెల్సన్ గ్లూక్ 1927లో తన పరిశోధనలో, హెసెద్ అంటే ఒప్పందంలో ఉన్న ఇరుపక్షాలు ఒకరికొకరు బాకీపడిన విధేయత అని వాదించాడు. దేవుడికీ ఇశ్రాయేలుకూ నిబంధన ఉంది కాబట్టి హెసెద్ ఉంది, అన్నది ఆయన లెక్క. 1978లో కేథరిన్ సాకెన్‌ఫెల్డ్ ఆ లెక్కను సవరించింది. బలం ఉన్నవాడు, చెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనలేని స్థితిలో ఉన్నవాడు, తనమీద ఆధారపడ్డవాడికి చేసే సాయమే హెసెద్ అని ఆమె చూపించింది. సంబంధం ఉంటుంది, ఇద్దరూ ఒప్పుకున్నారు. బలవంతం ఉందా లేదా అన్నదగ్గరే పేచీ. రూతు కథ సాకెన్‌ఫెల్డ్ వైపే మొగ్గుతుంది.

ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. లేవీయకాండం 20:17లో అన్నాచెల్లెళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నిషేధిస్తూ "అది హెసెద్" అని ఉంటుంది. అక్కడ దాని అర్థం సిగ్గుచేటు! అక్షరాలు ఒకటే, అర్థాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఇది వేరే ధాతువు నుంచి వచ్చిన మాట అని చాలామంది నిఘంటుకారులు సరిపెట్టుకున్నారు.

ఇక హసీద్. హీబ్రూలో ఈ రకం నామవాచకాలకు ఒక మూస ఉంది. "మషీయహ్" అంటే అభిషేకం పొందినవాడు, "అసీర్" అంటే బంధించబడినవాడు, ఖైదీ. ఈ లెక్కన హసీద్ అంటే "హెసెద్ పొందినవాడు" అనవచ్చు. "నా భక్తులను నాయొద్దకు సమకూర్చుడి" అనే 50వ కీర్తనలో హసీదీములు దేవుడితో నిబంధన చేసుకున్నవాళ్లు, ఆయన కృప కింద ఉన్నవాళ్లు. అక్కడ ఈ అర్థం అతుకుతుంది. కానీ అదే మూసలో చేసేవాడి అర్థం వచ్చే మాటలూ ఉన్నాయి. అప్పుడు హసీద్ అంటే "హెసెద్ చేసేవాడు."

ఈ సందిగ్ధాన్ని చాలావరకు తేల్చేవి రెండు వచనాలు. 145వ కీర్తన 17వ వచనంలో, యిర్మీయా 3:12లో హసీద్ అన్నది మనిషిని కాదు, దేవుణ్ని. "నేను కృపగలవాడను" అని యిర్మీయాలో దేవుడే తన గురించి చెప్పుకుంటాడు, మూలంలో ఆ మాట హసీద్. దేవుడు ఎవరి దగ్గరో కృప పొందినవాడు కాలేడు కదా. కాబట్టి ఇక్కడ చేసేవాడి అర్థమే నిలుస్తుంది. "భక్తుడు" అన్న తెలుగు మాటకున్న ఇబ్బందీ ఇక్కడే బయటపడుతుంది. దేవుణ్ని భక్తుడు అనలేం. అందుకే తెలుగు అనువాదకులు అక్కడికి వచ్చేసరికి మాట మార్చి "కృపగలవాడు", "కృప చూపువాడు" అని రాశారు. తప్పు లేదు, వేరే దారి లేదు. కానీ దేవుడికీ మనిషికీ ఒకే విశేషణం వాడిన మూలంలోని సాహసం తెలుగు పాఠకుడి కంట పడదు. 18వ కీర్తన 25వ వచనంలో అది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది: హసీద్‌తో నీవు హసీద్‌లా ఉంటావు అని దావీదు దేవుడితో అంటాడు.

క్రీస్తు పూర్వం అలెగ్జాండ్రియాలో హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి మార్చినవాళ్లు హసీద్‌కు ఎక్కువగా "హోసియోస్" అనే మాట వాడారు. దైవ నియమాల ప్రకారం నిష్ఠగా నడిచేవాడు అని దాని అర్థం. హెసెద్‌కేమో "ఎలెయోస్", అంటే కనికరం. తల్లీబిడ్డల్లాంటి రెండు మాటలు గ్రీకులో ఒకదానికొకటి ఏమీ కాకుండా పోయాయి. తర్వాత లాటిన్‌లో హసీద్ "సాంక్తుస్", పరిశుద్ధుడు అయ్యాడు. హీబ్రూలో పరిశుద్ధతకు కదోష్ అనే వేరే మాట ఉంది, దానికి వేరుచేసి పెట్టడం అనే భావం ఉంది. "నీ పరిశుద్ధుని కుళ్లు పట్టనియ్యవు" అన్న 16వ కీర్తన వాక్యాన్ని అపొస్తలుల కార్యాల్లో పేతురు, పౌలు ఇద్దరూ యేసు పునరుత్థానానికి రుజువుగా ఎత్తి చూపుతారు. అక్కడ మూలంలో ఉన్నది కదోష్ కాదు, హసీద్.

కత్తిపట్టిన హసీదీములు

ఒక గుంపు పేరుగా ఈ మాట మొదట చరిత్రకెక్కింది క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో. సిరియా నుంచి ఏలిన గ్రీకు రాజు నాలుగో అంతియోకు యూదుల ఆచారాలను నిషేధించి, యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. క్రీస్తు పూర్వం 167 ప్రాంతంలో తిరుగుబాటు లేచింది. ఆ కథ మక్కబీయుల మొదటి గ్రంథంలో ఉంది, ఇది కతోలికుల బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఉండదు.

సబ్బాతు రోజున ఆయుధం పట్టకూడదని గుహల్లో దాక్కున్న దాదాపు వెయ్యిమంది, ఎదురుతిరగకుండానే ప్రాణాలు వదిలారు. ఇలాగే ఉంటే ఎవరమూ మిగలమని, సబ్బాతునాడైనా సరే దాడి జరిగితే పోరాడదామని తిరుగుబాటు నాయకుడు మత్తతీయ, అతని మనుషులు నిర్ణయించుకున్నారు. ఆ వెంటనే వారితో కలిసినవాళ్లు "హసిదాయులు", హసీదీమ్‌కు గ్రీకు రూపం. ధర్మశాస్త్రం కోసం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన బలాఢ్యులు అని గ్రంథకర్త వారిని పరిచయం చేస్తాడు.

వీళ్ల గురించి తెలిసింది చాలా తక్కువ. పరిసయ్యులు, ఎస్సెనీయులు అనే యూదు వర్గాలు వీళ్లలోనుంచే పుట్టాయని ఒకప్పుడు ధీమాగా రాసేవారు, ఇప్పుడు అంత ధీమా ఎవరికీ లేదు. తెలిసిన ఇంకో ముక్క మాత్రం బాధాకరమైనది. అహరోను వంశంవాడైన అల్కీము ప్రధానయాజకుడిగా వచ్చేసరికి, యాజకుడే కదా, మనకు అన్యాయం చెయ్యడులే అని హసిదాయులు అందరికంటే ముందు సంధికి వెళ్లారు. అతను ప్రమాణం చేసి కూడా ఒక్కరోజులో అరవైమందిని చంపించాడు. దాన్ని చెబుతూ గ్రంథకర్త 79వ కీర్తనను గుర్తుచేస్తాడు: నీ హసీదీముల మాంసాన్ని, రక్తాన్ని యెరూషలేము చుట్టూ ఒలికించారు అని. ఇచ్చిన మాటను ప్రాణంగా చూసుకునే మనుషులు ఎదుటివాడి మాటను కూడా నమ్మేశారు.

గాజుపెంకులు, గోళ్లు

హసీద్ అన్న మాట పూర్తిగా పండింది యూదు గురువులైన రబ్బీల సాహిత్యంలో, అంటే వాళ్ల ధర్మచర్చలను కూర్చిన మిష్నాలో, దాని మీది విస్తారమైన వ్యాఖ్యానం తల్మూదులో. ఇక్కడ "మొదటి తరం హసీదీములు" అనే ప్రస్తావన తరచూ వస్తుంది. వాళ్లు ప్రార్థనకు ముందు ఒక గంటసేపు ఊరికే కూర్చునేవారట, మనసు దేవుడివైపు తిరగడానికి. ప్రార్థన ఒక గంట, ఆ తర్వాత మళ్లీ కూర్చోవడం మరో గంట. రోజుకు మూడు ప్రార్థనలు కాబట్టి మొత్తం తొమ్మిది గంటలు. తల్మూదు పండితులకు వెంటనే సందేహం: మరి చదువు ఎప్పుడు, పని ఎప్పుడు? వాళ్లు హసీదీములు కాబట్టి చదువు నిలిచింది, పని ఫలించింది అని జవాబు. జవాబు కంటే ప్రశ్నే బాగుంది. గాల్లో తేలే భక్తి రబ్బీలకు నచ్చదు, కూలి సంగతేంటి అని అడుగుతారు.

ప్రార్థన సంగతి అలా ఉంచితే, నష్టపరిహారాల గురించిన బాబా కమ్మా అనే భాగంలో హసీద్ ఇంకా స్పష్టంగా కనిపిస్తాడు. చర్చ ఏమిటంటే, ఎవరైనా దారిలో ముళ్లూ గాజుపెంకులూ పడేస్తే, అవి గుచ్చుకుని ఇంకొకరికి దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి. మధ్యలో ఒక వాక్యం: మొదటి తరం హసీదీములు తమ ముళ్లనూ గాజుపెంకులనూ తమ సొంత పొలంలోనే, మూడు బెత్తెల లోతున, అంటే అడుగుకు కాస్త తక్కువ లోతున పాతిపెట్టేవారు, నాగలికి కూడా తగలకుండా. తల్మూదు గురువుల్లో రావ్ షేషెత్ వాటిని నిప్పులో వేసేవాడట, రావా అనే ఇంకో గురువు టైగ్రిస్ నదిలో పడేసేవాడట. ఆ వెనువెంటనే రావ్ యెహూదా అంటాడు: హసీద్ కావాలనుకునేవాడు నష్టపరిహారాల నియమాలు సరిగ్గా పాటించాలి. రావా మాత్రం మిష్నాలోని పితరుల నీతివాక్యాలు పాటించాలంటాడు, ప్రార్థనల నియమాలు అని ఇంకొందరు.

ఈ మూడు జవాబుల్లో మొదటిదే అసలైనదని అనిపిస్తుంది. దైవభక్తి ఎలా వస్తుంది అని అడిగితే, నీ చెత్త పక్కవాడి కాలికి గుచ్చుకోకుండా చూడు అని చెప్పే గ్రంథాలు ఎన్ని ఉంటాయి? ఇక్కడ చట్టం అడిగేది వేరు. దారిలో వేయొద్దు అంటుంది, వేస్తే నష్టం కట్టమంటుంది, అంతే. తన పొలంలో, అంత లోతున పాతమని ఎవరూ చెప్పలేదు.

గోళ్ల గురించి కూడా ఇలాంటిదే ఒకటుంది. కత్తిరించిన గోళ్ల మీద గర్భవతి కాలు పెడితే గర్భం పోతుందని ఆ రోజుల్లో ఒక నమ్మకం. అందుకని ఇలా వర్గీకరించారు: గోళ్లను కాల్చేసేవాడు హసీద్, పాతిపెట్టేవాడు సద్దీక్, పారేసేవాడు దుష్టుడు. సద్దీక్ అంటే నీతిమంతుడు. పాతిపెడితే చాలు, బాధ్యత తీరింది. కానీ పాతింది మళ్లీ బయటపడవచ్చు, కాల్చింది బయటపడదు. నమ్మకం మాట ఎలా ఉన్నా మెట్ల వరస గమనించదగ్గది: హసీద్ నీతిమంతుడి కంటే ఒక మెట్టు పైన.

పితరుల నీతివాక్యాల్లో ఈ మెట్లనే ఆస్తి విషయంలో చూపిస్తారు. నాది నాదే, నీది నీదే అనేవాడు మధ్యరకం మనిషి (కొందరు రబ్బీలు దీన్ని కూడా సొదొమ ఊరివాళ్ల బుద్ధి అన్నారు). నాది నీది, నీది నాది అనేవాడు మొరటువాడు, వాడికి లెక్క తెలియదు. నాదీ నీదే, నీదీ నీదే అనేవాడు హసీద్. నీదీ నాదే, నాదీ నాదే అంటే దుర్మార్గుడు. మధ్యరకాన్ని సొదొమతో పోల్చినవాళ్ల మాట మొదట అతిగా అనిపిస్తుంది. ఎవరి సొత్తు వాళ్లు ఉంచుకుంటే తప్పేమిటి? కానీ ఊరంతా అలాగే ఉంటే ఆకలితో వచ్చినవాడికి ఏ తలుపూ తెరుచుకోదు, సొదొమ కథలో జరిగింది అదే అన్నది వాళ్ల వాదన.

హసీద్ అన్న మాట లేకపోయినా, ఆ స్వభావం నడుస్తూ కనిపించే సంఘటన ఒకటి తల్మూదులోని ఇంకో భాగం బాబా మెత్సియాలో ఉంది. కూలీలు మోస్తున్న ద్రాక్షసారా పీపా పగిలింది. యజమాని ఒక పండితుడు, నష్టానికి బదులుగా వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు వెళ్లి రావ్ అనే పేరున్న గురువు దగ్గర మొరపెట్టుకున్నారు. బట్టలు ఇచ్చెయ్ అన్నాడు రావ్. ఇదేనా చట్టం, అని యజమాని. అవును, అంటూ రావ్ సామెతల గ్రంథంలోంచి "సజ్జనుల మార్గంలో నడువు" అన్న అర్ధవచనం చెప్పాడు. బట్టలు తిరిగొచ్చాయి. అయ్యా, పేదవాళ్లం, రోజంతా పనిచేశాం, ఆకలేస్తోంది, చేతిలో పైసా లేదు అన్నారు కూలీలు. కూలి ఇచ్చెయ్ అన్నాడు రావ్. ఇది కూడా చట్టమేనా! అవును, అని ఆ వచనంలోని రెండో సగం చెప్పాడు: "నీతిమంతుల ప్రవర్తన అనుసరించు." మామూలు చట్టం యజమాని వైపే ఉంది, అందుకే అతను రెండుసార్లు అడిగాడు. కానీ నీలాంటివాడికి వర్తించే చట్టం వేరు అన్నది రావ్ తీర్పు.

అలాగని ఎంత ఎక్కువ చేస్తే అంత గొప్ప అని రబ్బీలు అనుకోలేదు. మిష్నాలో లోకాన్ని పాడుచేసేవాళ్ల జాబితాలో "బుద్ధిలేని హసీద్" ఉన్నాడు. వాడెవడు అంటే, నదిలో ఒక స్త్రీ మునిగిపోతుంటే, పరస్త్రీ వైపు చూడటం తగదు కదా అని ఒడ్డున నిలబడేవాడు. యెరూషలేము తల్మూదులో ఇంకో రకం ఉన్నాడు: పసివాడు నీళ్లలో కొట్టుకుంటుంటే, ముందు చేతికీ నుదుటికీ కట్టుకున్న ఈ ప్రార్థన పట్టీలు విప్పి పక్కన పెట్టి దూకుతానంటాడు. విప్పేలోగా పిల్లవాడి ప్రాణం పోతుంది. చదువురానివాడు హసీద్ కాలేడని తొలినాటి గురువు హిల్లేలు అన్నది కూడా ఈ టెన్షన్ వల్లే కావచ్చు. ఎక్కడ ఎక్కువ చెయ్యాలో తెలియాలంటే ముందు చట్టం ఎక్కడిదాకా ఉందో తెలియాలి.

తల్మూదులో కొంగ ముచ్చట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ధర్మశాస్త్రం తినకూడదని చెప్పిన పక్షుల్లో "హసీదా" ఒకటి, తెలుగు బైబిల్లో సంకుబుడి కొంగ. దానికి ఆ పేరెందుకు? తన తోటి పక్షులకు హెసెద్ చేస్తుంది కాబట్టి అన్నారు తల్మూదు పండితులు. మరి అంత మంచి పక్షి అపవిత్రం ఎలా అయింది? తల్మూదు చెప్పలేదు. తర్వాతి కాలపు యూదు గురువులు చమత్కారంగా చెప్పిన జవాబు: అది తన తోటివాటికి మాత్రమే చేస్తుంది.

గురువు మారాడు, అర్థం మారింది

మధ్యయుగాల్లో ఈ మాటను ఎవరికి వారు తమవైపు లాక్కున్నారు. 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమోనిడీస్ దాన్ని అరిస్టాటిల్ మధ్యేమార్గం పక్కన పెట్టి చూశాడు: గర్వానికీ అతివినయానికీ నడిమధ్యన నిలిచేవాడు జ్ఞాని, గర్వం నుంచి ఇంకా దూరం జరిగి చివరిదాకా పోయేవాడు హసీద్. జర్మనీలో రైన్ నది ఊళ్లలో కథ వేరు. 1096లో మొదటి క్రూసేడు గుంపులు స్పేయర్, వర్మ్స్, మైన్జ్ యూదులను ఊచకోత కోశాయి. ఆ గాయం మానని సమాజంలో 12, 13 శతాబ్దాల్లో "హసీదే అష్కెనాజ్", అంటే జర్మనీ హసీదీములు, అనే గుంపు పుట్టింది. వారిలో ముఖ్యుడు హసీద్ యెహూదా 1217లో రేగెన్స్‌బుర్గ్‌లో చనిపోయాడు. ఆయన శిష్యుడు, వర్మ్స్ ఎలియాజరు, భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ దుండగుల చేతిలో పోగొట్టుకున్నవాడు. లేఖనంలో పైకి రాసిన ఆజ్ఞలు కొన్నే, సృష్టికర్త మనసులో ఉన్నవి ఇంకా ఎన్నో, హసీద్ వాటిని వెతికి పట్టుకోవాలి అన్నది వాళ్ల సిద్ధాంతం. కఠిన ఉపవాసాలు, మంచులో ప్రాయశ్చిత్తాలు దానికి తోడు. చట్టాన్ని దాటి పోవడం అనే పాత భావమే ఇది, కాకపోతే పక్కవాడి కాలి ముల్లు మీదనుంచి తన ఒంటి బాధ మీదికి మళ్లింది.

18వ శతాబ్దంలో పోలెండు ఏలుబడిలో ఉన్న పొదోలియా ప్రాంతంలో, ఇప్పటి యుక్రెయిన్‌లో, బాల్ షెమ్ తోవ్ అని పేరుపడ్డ ఇశ్రాయేలు బెన్ ఎలియెజర్ ఆ ఉపవాసాల ధోరణిని పక్కన పెట్టాడు. దేవుణ్ని ఏడుస్తూ కాదు, సంతోషంగా సేవించాలి అన్నాడు. పాట, నాట్యం, చదువురానివాడి అమాయక ప్రార్థన, ఇవన్నీ పైమెట్టుకు చేరాయి. ఆయన 1760లో చనిపోయాక ఉద్యమం వేగంగా పాకింది. 1772లో విల్నా గావోన్ అని పేరుపడ్డ మహాపండితుడి నాయకత్వంలో పండితులు దాన్ని వెలివేశారు. ఆ కోపంలో పాత మాటకున్న మర్యాదా ఒక కారణమే: ఎన్నో ఏళ్ల చదువూ నిష్ఠా ఉంటే తప్ప దక్కని బిరుదును గుంపులు గుంపులుగా తగిలించుకోవడమేమిటని.

ఈ ఉద్యమంలోనే మెట్ల వరస తలకిందులైంది. తల్మూదులో సద్దీక్ కింద, హసీద్ పైన. కొత్త సమాజంలో సద్దీక్ అంటే గురువు, రెబ్బె. హసీద్ అంటే ఆయన అనుచరుడు. ఎంత నీతిగా బతికావన్నది కాదు, ఏ రెబ్బె మనిషివన్నదే ప్రశ్న. అందుకే వాళ్ల శాఖల పేర్లు ఎక్కువగా రెబ్బెలు ఉన్న ఊళ్ల పేర్లే: రుమేనియాలోని సత్మార్, యుక్రెయిన్‌లోని బెల్జ్, పోలెండులోని గూర్, రష్యాలోని లుబావిచ్. నాజీల చేతిలో ఆ ఊళ్లలోని హసీదీ సమాజాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవాళ్లు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, యెరూషలేములో, ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌లో మళ్లీ నిలదొక్కుకున్నారు. నల్లకోటు, బొచ్చు టోపీ, చెంపల మీద పొడవాటి పాయలు ఉన్నవాళ్ల ఫొటో కింద "హసీదీలు" అని పత్రికల్లో కనిపించేది వీళ్ల గురించే. నేటి మామూలు హీబ్రూలో ఈ అర్థం ఇంకా పలచబడి, ఏదైనా ఆలోచననో పద్ధతినో బలపరిచేవాణ్ని కూడా దాని హసీద్ అనేస్తున్నారు.

పాత అర్థం పూర్తిగా పోలేదు. హసీదీ పేటల్లో, ఇతర సంప్రదాయ యూదుల పేటల్లో "గెమాఖ్"లు ఉంటాయి. హెసెద్ చేయడం అనే హీబ్రూ పదబంధానికి అది పొట్టి రూపం. మొదట వడ్డీలేని అప్పులిచ్చే నిధులుగా మొదలై, ఇప్పుడు పెళ్లిగౌన్లు, పసిపిల్లల ఉయ్యాలలు, మందులు, కుర్చీలు కూడా అరువిస్తాయి. చాలావరకు ఎవరో ఒకరి ఇంటి వెనకగదిలో నడుస్తాయి. దానధర్మం కన్నా హెసెద్ గొప్పదని తల్మూదు చెప్పిన కారణాలు అక్కడ అలాగే పనిచేస్తున్నాయి: దానం డబ్బుతోనే, హెసెద్ ఒంటితో కూడా. దానం పేదవాడికే, హెసెద్ ఉన్నవాడికి కూడా. దానం బతికినవాళ్లకే, హెసెద్ పోయినవాళ్లకు కూడా.

యూదులు కాని హసీదీములు

ఈ మాట ప్రయాణంలో అన్నిటికంటే ఆసక్తికరమైన మలుపు యూదులు కానివాళ్లకు వర్తించడం. "హసీదే ఉమోత్ హఓలామ్", అంటే లోకంలోని జనాంగాల హసీదీములు, అనే పదబంధం రబ్బీల సంప్రదాయం నుంచే వచ్చింది. వాళ్లకు రాబోయే లోకంలో పాలు ఉంటుందని మైమోనిడీస్ రాశాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు: మనుషులందరికోసం నోవహుకిచ్చారని యూదులు చెప్పే ఏడు ఆజ్ఞలను దేవుడు చెప్పాడని నమ్మి పాటించాలి. తన బుద్ధికి సరైనదనిపించి పాటించేవాడు హసీద్ కాడు అన్నాడు. వాడు జ్ఞాని కూడా కాదన్నాడా, లేక జ్ఞాని మాత్రమే అన్నాడా అన్నది చేతిరాత ప్రతుల్లో ఒక్క అక్షరం తేడా మీద ఆధారపడిన తగువు, ఇంకా తెగలేదు.

1953లో ఇజ్రాయెల్ పార్లమెంటు, నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మారకంగా యాద్ వాషెమ్ సంస్థను చట్టం ద్వారా ఏర్పాటు చేసినప్పుడు, నాజీల నుంచి యూదులను కాపాడిన ఇతర జాతులవాళ్లను గౌరవించే పని కూడా అప్పగించింది. బిరుదుకు పెట్టుకున్న పేరు అదే, హసీదే ఉమోత్ హఓలామ్. ఇంగ్లీషులో, దాన్ని చూసి మన పత్రికల్లో, "నీతిమంతులు" అని రాస్తారు. హీబ్రూలో నీతిమంతుడికి సద్దీక్ అన్న మాట సిద్ధంగా ఉన్నా, వాళ్లు ఎంచుకున్నది హసీద్. ఇక్కడ ఆ మాట సరిగ్గా కుదిరింది. జర్మన్ల ఆక్రమణలోని పోలెండులో యూదుడికి చోటిస్తే మరణశిక్ష. చట్టం అడగకపోవడం అటుంచి, చేస్తే చంపుతానంది.

1963 నుంచి ఈ బిరుదును సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఒక సంఘం తేలుస్తోంది. మొదటి అధ్యక్షుడు మోషే లాందౌ, అంతకు ముందే నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణను నడిపించిన జడ్జి. ఇప్పటిదాకా 28 వేలమందికి పైగా గుర్తించారు. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా గెట్టో నుంచి పిల్లలను దాటించిన సామాజిక కార్యకర్త ఇరెనా సెండ్లర్‌కు 1965లో వచ్చింది. 1940 వేసవిలో లిథువేనియాలోని కౌనస్‌లో, టోక్యో నుంచి అనుమతి లేకుండానే రెండువేలకు పైగా వీసాలు చేత్తో రాసిచ్చిన జపాన్ దౌత్యాధికారి చియునే సుగిహారాకు 1984లో వచ్చింది.

మైమోనిడీస్ పెట్టిన షరతును ఈ సంఘం పట్టించుకోదు. ఆ మనిషి దేవుణ్ని నమ్మాడా, ఏ మతం, ఎందుకు చేశాడు అని అడగదు. చూసేవి ముఖ్యంగా రెండు: తన ప్రాణానికో, స్వేచ్ఛకో, ఉద్యోగానికో ముప్పు ఉందని తెలిసీ చేశాడా, ప్రతిఫలం అడగకుండా చేశాడా. నెలనెలా డబ్బు తీసుకుని అటకమీద ఒక కుటుంబాన్ని దాచినవాడు వాళ్ల ప్రాణాలు నిలిపి ఉండవచ్చు, ఆ కుటుంబమే వచ్చి సాక్ష్యం చెప్పవచ్చు. డబ్బు కోసమే దాచాడని తేలితే ఆ బిరుదు ఇవ్వరు.